లోపలొకరు, బయటొకరు

మధ్యాహ్నానికే పెద్దకోడలికి నడుము పట్టేసింది. తొక్కిన మట్టిముద్దను లోపలివైపు నుంచి గోడమీద వేసి అదిమింది. చుట్టూ తిరిగి బయటికొచ్చి, అదే ముద్దను ఇవతలినుంచి చరిచి సాపు చేసింది. మళ్లీ లోపలికి నడిచింది.

ఆ ఏటి ఒడ్డున రాయి దొరకదు, కలప దొరకదు. ఉన్నదల్లా జిగటమట్టి. అందుకే వరద అందకుండా ఎత్తుగా దిమ్మె వేసి, దానిమీద మూరెడు మందాన మట్టిగోడలు పెట్టుకునేవారు. ఒక వరస ఆరాకే ఇంకో వరస. లోపలొకరు, బయటొకరు ఉంటేనే గోడ నిలువుగా లేస్తుంది. ఆమెకు జత తోడికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు. గోడ తలలు దాటి ఇద్దరూ కనబడకుండా పోయినా కబుర్లు ఆగేవి కావు. అత్తగారి మీద చాడీలన్నీ ఆ గోడలు విన్నవే.

ఇటుకల బట్టీ వచ్చాక ఆ మట్టికే గిరాకీ పుట్టింది. ఒక్కొక్కరే ఇళ్ల జాగాలు అమ్మి, బట్టీవాళ్ల రేకుల షెడ్లకు చేరారు, మరిదీ చిన్నకోడలూ కూడా. ఇళ్లున్న చోట గోతులు పడ్డాయి. గోతుల్లో నీళ్లు నిలిచాయి. నడుమ ఆమె ఇల్లొక్కటే మిగిలింది. గాలివానకు పడమటి గోడ కూలితే సాయం పిలవడానికి మనిషి లేదు. భర్త చనిపోయిన ఏడాది కూడా ఆ ఇంట్లో ఇంత నిశ్శబ్దం లేదు.

గోతుల మధ్య గట్టుమీద చిన్నకోడలు వస్తుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"రావే, సమయానికొచ్చావు. నువ్వు లోపలికెళ్లు."

చిన్నకోడలు కదల్లేదు. "పనికి రాలేదక్కా. యజమాని పంపాడు. ఈ జాగా కూడా ఇచ్చెయ్యమంటున్నాడు. నీకూ షెడ్డులో గది ఇస్తాడంట."

"ఇంటి అడుగున మట్టి కావాలని చెప్పొచ్చుగా. మధ్యలో నామీద ఈ జాలి దేనికి?"

"నిన్ను ఒప్పించకపోతే మీ మరిదికి రేపట్నుంచి పని లేదన్నాడు."

పెద్దకోడలు చేతిలో ముద్ద కింద పెట్టింది. "ఆ రేకులకింద నిద్ర పడుతోందటే నీకు?"

"పెనంమీద పడుకున్నట్టే. పిల్లకి ఒళ్లంతా పొక్కులు." చిన్నకోడలు కూలకుండా మిగిలిన పాతగోడకు అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. "అయినా ఒక్కదానివి ఏం చేస్తావక్కా? వానలొచ్చేలోగా లేస్తుందా ఇది?"

"లేవకపోవచ్చు."

"మరి?"

"అమ్మను. నువ్వు బతిమాలినా వినలేదని చెప్పు. తప్పంతా నామీదే పెట్టు."

చిన్నకోడలు కొంగుతో మొహం తుడుచుకుని గట్టెక్కింది.

అవతల ఆమెకోసం బట్టీ లారీ ఆగి ఉంది. హారన్ మోగింది. నీళ్లు నిండిన గోతుల నడుమ, సగం దారిలో చిన్నకోడలు నిలబడిపోయింది. హారన్ మళ్లీ మోగింది. ఆమె ముందుకూ కదల్లేదు, వెనక్కూ తిరగలేదు.