రమ్మనని అంగడి

కళ్యాణదుర్గంలో ఆదెన్న టీ బంకు నాది. దానికి ఎదురుగా జయరామయ్య అంగడి ఉంది. చావు సామాన్ల అంగడి. వెదురు బొంగులు, కోరా గుడ్డ, మట్టి కుండ, కొబ్బరి తాడు, దారి పొడవునా చల్లే బొరుగులు, అన్నీ అక్కడే దొరుకుతాయి. దాన్ని పెట్టింది జయరామయ్య తాత. అంగడి పెట్టిన ఏడాది ఎండలకు ఇక్కణ్ణుంచి రాప్తాడుకు ఎగిరిన కాకి, దిగేసరికి వేగిపోయి ఉండేదట. నేను చూడలేదు. చూసినవాడి మనవడికి రోజూ టీ పంపిస్తున్నాను కాబట్టి నమ్మొచ్చు.

ఆ అంగడికి ఒకటే కట్టుబాటు. ఎవరినీ "రా" అనకూడదు. మొదట్లో ఆ పెద్దాయన ఒక గిరాకీని అలవాటు కొద్దీ "మళ్లా రాప్పా" అన్నాడట. ఆ మనిషి వరుసగా ఎనిమిది రోజులు వచ్చాడు, రోజుకో చుట్టం పోయాడని. తొమ్మిదో రోజూ వచ్చాడు, నలుగురి భుజాల మీద. అంగడి ముందు పాడె దించగానే లేచి కూర్చుని "రమ్మన్నావు గదప్పా, వచ్చినా" అన్నాడని మా నాయన ఒట్టేసి చెప్పేవాడు. తాత చేతి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి జయరామయ్యకు అంగడి మారింది గానీ, ఆ మాట మాత్రం మళ్లీ ఆ గడప మీద వినపడలేదు.

జయరామయ్యకు ఇప్పుడు ఎనభై నాలుగు. అంగడి తనకే కావాలని మనవరాలు హరిత పట్టుబట్టింది. మంచి పిల్ల. కానీ దారిన పోయే కుక్కను కూడా రమ్మని పిలిచే రకం. ఆమె అన్న ముఖేష్‌కేమో అక్కడ సెల్‌ఫోన్లు అమ్మాలని ఉంది.

"ఒక్క దినం కూచో మేయ్," అన్నాడు జయరామయ్య. "మాపటేళ షట్టరు దించేదాకా ఎవురినీ రా అనకుంటే అంగడి నీది. అంటివా, మీ యన్నది."

మరుసటి పొద్దున హరిత అంగడి ముందర, జయరామయ్య లోపల గల్లాపెట్టె దగ్గర, ముఖేష్ స్టూలు వేసుకుని మెట్టు పక్కనే కూర్చున్నారు.

"ఆ పొయ్యేది నీ ఫ్రెండు శశి గదా? పిలువు పాపా!"

హరిత గుప్పెడు బొరుగులు నోట్లో కుక్కుకుంది. మధ్యాహ్నానికి బస్తాలో సగం ఖాళీ.

మూడింటికి ఒక పెద్దాయన ఆటో దిగి నా బంకు దగ్గర ఎండలో నిలబడ్డాడు. పేరు చౌడప్ప.

"టీ పొయ్యాల్నా అన్నా?"

"వద్దప్పా." గడ్డంతో ఎదురంగడిని చూపించాడు. "మా యమ్మ పోయినాది. మా నాయన పోయినప్పుడు ఏమేం తేవల్లో అంతా ఆయమ్మే చెప్పినాది. ఇప్పుడు ఎవురిని అడగల్ల? పిలిసేటోళ్లు లేకుండా ఆ గడప ఎట్ల తొక్కేది?"

హరిత అతన్ని చూసింది. లేచింది, నోరు తెరిచింది. నా పొయ్యి మీద టీ కూడా పొంగడం ఆపేసింది.

"పిలువు పాపా, పాపం ఎండలో ఉండాడు," అన్నాడు ముఖేష్.

ఆమె నోరు మూసుకుంది. మెట్టు దిగింది. లారీకి చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటింది. చౌడప్పను నా బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"మీరు మట్టి చేస్తారా, కాలుస్తారా పెద్దాయనా?"

"మట్టే తల్లీ."

"మోసేటోళ్లు ఉండారా?"

"ఉండారు."

"అయితే ఈడే కూచో. ఏమేం కావల్లో నేను చెప్తా."

నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి గుడ్డ, తాడు, కుండ, బొరుగులు తెచ్చి, ఏది ఎప్పుడు వాడాలో చెప్పి ఆటోలో పెట్టించింది. నా బల్ల మీద పాడె తాడు చూసి టీ తాగేవాళ్లు ఇద్దరు లేచిపోయారు. పోనీలే అనుకున్నాను.

"చూసినావా జేజినాయనా!" ముఖేష్ తాత ముందు ఎగిరాడు. "అంగడి ఇడిసిపెట్టి పోయింది. ఓడిపోయినట్టే!"

"రా అన్నాదా?"

"అన్లేదు గానీ…"

"మరి? కట్టుబాటు నోటికే గానీ, కాళ్లకు నేనేం చెప్పలేదే. ఆయప్ప రాలేడని ఈ పాపే పోయినాది. ఇన్నేండ్లలో నాకు తోచినాదా ఈ పని?"

ముఖేష్ స్టూలు తీసి లోపల పెట్టాడు. జయరామయ్య మాపటేళ దాకా ఆగలేదు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి హరిత చేతిలో పెట్టాడు. తర్వాత మెల్లగా రోడ్డు దాటి వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎదురెదురుగా ఉన్నాం, గల్లాపెట్టె వదిలి ఆయన ఇటు రావడం అదే మొదలు.

గ్లాసందుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"శక్కర ఎక్కువేసినావు ఆదెన్నా," అన్నాడు. "ఇంగోటి పొయ్యి."