ప్రేబెన్ గారి ఒకే సెట్టింగు

యోరున్ ఎంబ్రాయిడరీ మిషన్ పక్కన గోడకు ఒక అట్టముక్క వేలాడేది. ఇరవై రెండేళ్లుగా ఆమె పెన్సిలుతో రాసుకున్నవన్నీ దాని మీద ఉండేవి: దూది కోటుకు ఏ సూది, ఉన్ని కోటుకు దారం ఎంత వదులు, తోలుకు ఎంత వేగం. దుకాణం మామగారి నుంచి అల్లుడు ప్రేబెన్ చేతికొచ్చిన మూడో రోజునే ఆ అట్ట చెత్తబుట్టలో పడింది. దాని చోట నిగనిగలాడే పలక ఒకటి వెలిసింది. "ఒకే సెట్టింగు, అన్ని బట్టలకూ" అని దాని మీద నీలి అక్షరాలు.

ప్రేబెన్‌ది ఓస్లో. దుకాణం నడపడం గురించి అక్కడ మూడు రోజులు శిక్షణ పొంది మరీ ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లోని ఈ రేవుకు వచ్చాడు. సూదిలోకి దారం ఎక్కించడం మాత్రం ఆ మూడు రోజుల్లో ఎవరూ నేర్పలేదు.

"ఆ అట్ట మీద కాఫీ మరకలు తప్ప నాకేం కనబళ్లేదు యోరున్," అన్నాడు.

"కనబడవులే. జన్మలో ఒక్కసారైనా బట్ట చేత్తో పట్టుకుని ఉంటే కనబడేవి."

అవతలి మిషన్ దగ్గర కూచున్న ఆస్లౌగ్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

అక్టోబరులో సముద్ర రక్షక దళంవాళ్లు పద్దెనిమిది చలికోట్లు తెచ్చి బల్ల మీద గుట్టగా పోశారు. ఒక్కొక్కటీ పరుపంత మందం. వీపు మీద రెక్కలు చాపిన నీటికాకి, దాని కింద ఊరి పేరు కుట్టాలి. యోరున్ ఎప్పటిలాగే ఒక పాత కోటు ముక్క తీసి, ముందు దాని మీద కుట్టి చూడబోయింది.

ప్రేబెన్ అడ్డం వచ్చాడు. "కుట్టి చూడ్డమంటే మన మీద మనకే నమ్మకం లేనట్టు. మధ్యాహ్నం పత్రిక వాళ్లొస్తున్నారు. నేనే కుట్టి చూపిస్తా."

"నువ్వా?"

"నేనే. పద్ధతి ఉన్నప్పుడు మనిషితో పనేముంది?"

యోరున్ లేచి కుర్చీ తుడిచి మరీ ఇచ్చింది.

పత్రిక అమ్మాయి కెమెరాతో వచ్చేసరికి ప్రేబెన్ కోటును ప్లాస్టిక్ చట్రంలో ఇరికించే పనిలో ఉన్నాడు. అది ఇరకలేదు. మోకాలు వేసి తొక్కాడు, అప్పుడు ఇరికింది. పలక మీద ఉన్నట్టే నిమిషానికి వెయ్యి కుట్ల వేగం పెట్టాడు. పల్చటి చొక్కాకు పెట్టే సన్నసూది, బట్టను అదిమి పట్టే ఫుట్ కూడా చొక్కాకు దించినంత కిందికే. మీట నొక్కి, కెమెరా వైపు తిరిగి నవ్వాడు.

మిషన్ పిచ్చెత్తినట్టు అరిచింది. దూది మీద ఎగిరెగిరి పడుతూ ఫుట్ కోటును లాక్కుపోయింది. దారం రెండుసార్లు తెగింది. ప్రేబెన్ రెండుసార్లూ ఆస్లౌగ్‌ను పిలిచి ఎక్కించుకున్నాడు. మూడోసారి చట్రం టప్పున ఊడింది, సూది విరిగి ముక్క వెళ్లి దీపానికి తగిలింది. మిషన్ ఆగాక చూస్తే నీటికాకి ముక్కు దాని పొట్టలోంచి పొడుచుకొచ్చి ఉంది.

"ఇది కొత్త డిజైనా?" అని అమాయకంగా అడిగింది పత్రిక అమ్మాయి.

"అవును... ఆధునిక శైలి," అన్నాడు ప్రేబెన్. ఆ మాట, ఆ ఫోటో రెండూ గురువారం పత్రికలో పక్కపక్కనే వచ్చాయి.

శుక్రవారం పొద్దున్నే దళం పెద్ద హాల్‌గైర్ పత్రిక చంకన పెట్టుకుని దిగాడు. "ప్రేబెన్, మా పక్షి తుఫానులోకి దూకాలయ్యా. ఇదేమో గుడ్డు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది."

"బట్ట మా పద్ధతికి సహకరించలేదు."

"అయితే నీ పద్ధతినే తొడుక్కుని పడవెక్కమంటావా?"

హాల్‌గైర్ వెళ్లాక ప్రేబెన్ గొంతు తగ్గించాడు. "నువ్వోసారి చూస్తావా యోరున్?"

"ఆ పలక తీస్తే చూస్తా."

తీయడానికి అతనికి మనసొప్పలేదు. దాని ముందు పెద్ద పూలకుండీ ఒకటి తెచ్చి పెట్టాడు.

యోరున్ లావు సూది వేసింది. ఫుట్ పైకి లేపింది, పైదారం బిగువు కాస్త వదిలింది, వేగం సగానికి దించింది. నీటికాకి రెక్కల్లో కుట్ల ఒత్తు తగ్గించి, దూదిని అణచడానికి కింద పల్చటి కుట్టు ఒక వరస పరిచింది. ప్లాస్టిక్ చట్రం పక్కన పెట్టి అయస్కాంతపు చట్రం బిగించింది. ముందు పాత ముక్క మీద కుట్టి చూసి, ఆ తర్వాతే కోట్లు ముట్టుకుంది. మూడు రోజుల్లో పదిహేడు కోట్లు అయిపోయాయి. పద్దెనిమిదోదాని మీద ప్రేబెన్ గారి ఆధునిక శైలిని విప్పడానికే ఒక రోజంతా పట్టింది.

డిసెంబరులో కుట్టుపనివాళ్ల సంఘం పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. "నెమ్మది కుట్టు: నా కొత్త ఆలోచన" అన్నది శీర్షిక, కింద ప్రేబెన్ ఫోటో. ఆ వ్యాసం పుణ్యమా అని ట్రూమ్‌సో పట్టణంలో ప్రసంగించమని పిలుపొచ్చింది. నమూనా కోట్లు మోయడానికి యోరున్‌ను వెంటబెట్టుకెళ్లాడు.

నలభై మంది ముందు నిలబడి ప్రేబెన్ అరగంట సేపు, బట్ట చెప్పే మాట మనం వినాలని చెప్పాడు. రెండో వరసలోంచి ఆల్టా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"లోపల ఈకలు కూరిన కోటుకి ఫుట్ ఎంత లేపాలి?"

"అది... బట్టే మనకు చెబుతుందండీ."

"ఏ భాషలో?"

హాలు గొల్లుమంది. ప్రేబెన్ వెనక్కి తిరిగి యోరున్ వైపు చూశాడు. ఆమె చేతిలో జున్ను పెట్టిన వాఫుల్ అట్టు సగం ఉంది. ఆ మిగతా సగాన్ని తొందరపడకుండా, రుచి చూస్తూ తింది. ఇంత హాయి అనుభవించి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు రాలేదు. వేళ్లు తుడుచుకుని లేచింది.

"సూది పూర్తిగా దిగినప్పుడు ఫుట్ బట్టను తాకీతాకనట్టుండాలి. నొక్కితే ఈకలు పక్కకు పోతాయి, బొమ్మ వంకర పోతుంది. ఏ రెండు కోట్లూ ఒకలా ఉండవు, అందుకే ముందు ముక్క మీద కుట్టి చూడండి," అంది.

నలభై కలాలు బయటికొచ్చాయి. ప్రేబెన్ కూడా అరచేతి మీద రాసుకున్నాడు.

తిరుగు పడవలో, "మనం అదరగొట్టాం!" అన్నాడు.

"మనమా?" అంది యోరున్, కిటికీలోంచి నీళ్లను చూస్తూ.

జనవరిలో ప్రేబెన్ తన సొంత ఉన్ని కోటు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఛాతీ మీద "పద్ధతుల నిపుణుడు" అని బంగారు దారంతో కావాలట.

"నువ్వే కుట్టుకో. చేతి మీద రాసుకున్నావుగా."

"కడిగేసుకున్నా."

"అయితే బట్టనడుగు, చెబుతుంది," అని యోరున్ తన పని చూసుకుంది.

ప్రేబెన్ కాసేపు మిషన్ వంక, కాసేపు కోటు వంక చూశాడు. చివరికి కోటును కొక్కేనికి తగిలించి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లాడు. ఏప్రిల్ వచ్చినా అది అక్కడే వేలాడుతోంది. ఆస్లౌగ్ తన రొట్టె డబ్బా దాని జేబులో పెట్టుకుంటోంది.