కంఠతా వచ్చిన చూపు

కళ్ళజోళ్ళ దుకాణంలో అమ్మకీ కూతురికీ మూడు రోజులుగా మాటల్లేవు. వీధిలో "మైకు" అని పేరు పడ్డ అమ్మ నోరు మూసుకుని కూర్చుందంటే అది మామూలు గొడవ కాదు.

గొడవకి మూలం ప్రార్థన పుస్తకం. పదేళ్ళుగా అద్దాలు లేకపోతే అక్షరం ముక్క కనపడని అమ్మ, నలభై రోజులు ప్రార్థన చేసి, ఇప్పుడా సన్నటి అక్షరాలను ఉత్త కళ్ళతో గడగడా చదివేస్తోంది. దేవుడు చూపు తిరిగిచ్చాడని మందిరంలో అందరికీ చెప్పింది. అంతటితో ఆగితే కూతురు పట్టించుకునేది కాదు. ఎదురింటి దర్జీ అక్క ఆ మాట పట్టుకుని తన కంటి చుక్కలు మానేసింది. ఆమెది కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. చుక్కలు ఆపితే చూపు కొంచెం కొంచెంగా పోతుంది, పోయింది మళ్ళీ రాదు. కూతురు వెళ్ళి బతిమాలితే, "మీ అమ్మ కళ్ళే సాక్ష్యం కదమ్మా" అని నవ్వుతూ సాగనంపింది.

కూతురికి ఒళ్ళు మండిపోయింది. కళ్ళు పరీక్షిస్తూనే జుట్టు నెరిసిన మనిషి. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి దగ్గరి చూపు కొన్నాళ్ళు బాగుపడుతుందనీ, దూరపు చూపు మాత్రం మసకబారుతూనే ఉంటుందనీ ఆమెకి తెలుసు.

నాలుగో రోజు పొద్దున ఇక ఉండబట్టలేక అంది: "అమ్మా, అది శుక్లం ఆడే నాటకం."

"నా కళ్ళు, నా దేవుడు. మధ్యలో నీ పెత్తనం ఏంటే?"

"అయితే దూరంగా ఆ గోడ మీదున్న అట్ట చదువు. చదివావంటే నేనే దర్జీ అక్క ముందు చెంపలేసుకుంటా. చదవలేకపోతే నువ్వెళ్ళి ఆమెకి నిజం చెప్పాలి."

"పెట్టు నీ పరీక్ష. నాకేం భయం!"

అమ్మ కుర్చీలో దర్జాగా కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసి, ఎదురు గోడ మీది అక్షరాల అట్ట చదవడం మొదలుపెట్టింది. "ర. గ, వ. న, ప, ద..." పైనుంచి కిందిదాకా, చీమంత అక్షరాలతో సహా, ఎక్కడా తడుముకోకుండా ముగించి, "ఏమంటావ్?" అంది.

కూతురికి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని, "దగ్గరికెళ్ళి చూడమ్మా" అంది.

అమ్మ గోడకి జానెడు దూరంలో నిలబడింది. పైన "మ". దాని కింద "చ, ల". తను చదివిన అక్షరాల్లో ఒక్కటీ అక్కడ లేదు. పాత అట్ట చిరిగిందని కూతురు నిన్న సాయంత్రమే కొత్తది తగిలించింది. మాటల్లేని రోజులు కదా, చెప్పలేదు. పాతదాన్ని వచ్చేపోయేవాళ్ళ నోట పాతికేళ్ళు వినీ వినీ అమ్మకి కంఠతా వచ్చేసింది.

"నేను అబద్ధం ఆడలేదే," అంది అమ్మ, గొంతు తగ్గించి. "నిజంగా కనపడ్డాయి. ఒట్టు."

"నాకు తెలుసమ్మా. నీకు తెలిసినవే నీకు కనపడ్డాయి."

"అంటే దేవుడు నన్ను మోసం చేశాడా?"

"ఆయనేం చెప్పాడు పాపం? చెప్పిందంతా నువ్వే, అదీ మైకులో."

అమ్మకి నవ్వు రాలేదు. కూతురికి గెలిచానన్న సంతోషం ఉంది, అమ్మ మీద జాలీ ఉంది. ఏదో అనబోయేలోగా అమ్మ చెప్పులు వేసుకుని వీధి దాటింది.

దర్జీ అక్క మిషను ఆపి తలెత్తింది.

"నా కళ్ళు బాగుపడలేదు," అంది అమ్మ గుమ్మంలోంచే, నలుగురికీ వినపడేలా. "శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేయించుకుంటా. నా మాట విని నీ కళ్ళు పోగొట్టుకోకు తల్లీ. ఆ చుక్కల సీసా ఎక్కడ?"

దర్జీ అక్క బిక్కమొహం వేసింది. "మరి ప్రార్థన మానెయ్యాలా పిన్నీ?"

"మానమని ఎవరన్నారు? చుక్క వేశాక మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలట. అప్పుడు చేసుకో. నా ఆపరేషన్ గురించి కూడా ఓ మాట వెయ్యి."