చెయ్యి ఒప్పుకున్న పొయ్యి

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. బయట వండుకోవడానికి వెళ్ళినప్పుడు పొయ్యి ఎవరు మోస్తే ఆ పూట పెత్తనం వాళ్ళది. ఉప్పెంత, నీళ్ళెన్ని, ఎక్కడ కూర్చోవాలి, అన్నిటికీ వాళ్ళ మాటే చెల్లుతుంది. నేనూ మా ఆవిడా గోదాంలో పనిచేసినప్పుడు పట్టుకున్న అలవాటు ఇది. అక్కడ బస్తాకి ముందు వైపు పట్టినవాళ్ళే 'ఎత్తు' అనాలి. వెనకవాళ్ళు నోరెత్తకూడదు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఇనప పొయ్యిని చంకనెత్తుకుని "ఇక ఎత్తు అనేది నేనే" అంది. ఆ తరువాత నాకెప్పుడూ ఇవ్వలేదు.

సెలవు రోజు వస్తే కాలవ గట్టుకి వెళ్ళేవాళ్ళం. ఆవిడ పొయ్యితో ముందు, నేను గిన్నె, తట్టా బుట్టాతో వెనక. ఆవిడ వండుతుంటే నేను తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాణ్ణి. ఉడికాక గరిటెతో నా కాలు తట్టి లేపేది.

పోయిన వానాకాలం స్నానాల గదిలో జారి కుడి భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి మునుపటిలా బరువు పట్టదు. అప్పటినుంచి గట్టు మాటెత్తితే "ఆ ఎండలో ఏముంది" అని కొట్టిపారేస్తోంది. పొయ్యి నేను మోస్తానన్నాను.

"మోస్తావు. మోసి పెత్తనం చేస్తావు. నేను చుట్టంలా కూర్చుని నువ్వు మాడబెట్టింది బాగుంది బాగుంది అనాలా?"

"పెత్తనం నీకే ఇచ్చేస్తాలే."

"ఇచ్చేది పెత్తనం కాదయ్యా, దానం" అంది.

ఒకరోజు ఒక్కణ్ణే గట్టుకి వెళ్ళాను. కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను. ఆవిడ కిటికీ దగ్గర చేట పెట్టుకుని బియ్యంలో లేని రాళ్ళు ఏరుతోంది. ఇంత మాటకారి మనిషి, నేను వచ్చిన అలికిడికి తలైనా ఎత్తలేదు. అది చూసి నాకు భయం వేసింది. పొయ్యి తేలికైతే మోస్తుంది. మోస్తే వస్తుంది. అంతకు మించి ఉపాయం నాకు తోచలేదు.

చాకు కొనాలని చెప్పి బజారుకి తీసుకెళ్ళాను. ఇనప సామాన్ల కొట్టులో దూలానికి బాల్చీలు, గొలుసులు వేలాడుతున్నాయి. కొట్టాయన లావుపాటి మనిషి, చెవి మీద పెన్సిలు. కట్టెలతో మండే చిన్న పొయ్యిలు, చేత్తో మోసుకెళ్ళేవి చూపించమన్నాను. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

"చాకు పొయ్యి ఎప్పుడైంది?"

"దారిలో" అన్నాను.

కొట్టాయన మూడు తెచ్చి పెట్టాడు. మొదటిది ఇనప రేకులది. "ఇది చూడమ్మా, మడిస్తే పుస్తకంలా సంచిలో పడిపోతుంది" అన్నాడు. మా ఆవిడ మంచి చేత్తో కాదు, ఆ చేత్తోనే ఎత్తింది. పళ్ళు బిగించి దించేసింది.

"పుస్తకమే బాబూ. నాకే చదువు రాదు."

రెండోది మూడు సన్నకాళ్ళది, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. దాన్ని అవలీలగా ఎత్తింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఇదే ఇచ్చెయ్యండి" అన్నాను.

"ఆగవయ్యా! తొక్కి చూడకుండా సైకిలు కొంటావా? వెలిగించి చూడనీ."

కొట్టు వెనక పెరట్లో విరిగిన చెక్కపెట్టెలు ఉన్నాయి. ఆ ముక్కలతో మంట వేసి, కొట్టాయన టీ గిన్నె అడిగి నీళ్ళు పోసింది. కొట్టులోదే ఒక గరిటె పుచ్చుకుని ఆ నీళ్ళని జావ తిప్పినట్టు గట్టిగా తిప్పడం మొదలుపెట్టింది.

"నీళ్ళని తిప్పడమేంటమ్మా?" అన్నాడు ఆయన.

"రేపు నేను నీళ్ళే వండుకు తింటానా?"

నాలుగు తిప్పులకి పొయ్యి ఊగింది. గిన్నె పక్కకి ఒరిగింది, మంట చుయ్యిమని ఆరింది, కొట్టాయన చెప్పులు తడిశాయి.

"బక్కకాళ్ళది" అంది మా ఆవిడ. "దీని మీద వండాలంటే ఒకరు గిన్నె పట్టుకోవాలి, ఒకరు ప్రాణాలు పట్టుకోవాలి."

ఇక మిగిలింది ఒకటే. రెండు పొరల రేకుతో చేసిన పొట్టి డబ్బా. అడుగు వెడల్పు, కింద గాలికి చిల్లులు, లోపల పైఅంచు చుట్టూ ఇంకొన్ని చిల్లులు. కొట్టాయన దాన్ని అయిష్టంగానే ముందుకి జరిపాడు.

"అబద్ధం ఎందుకమ్మా, దీన్ని కొన్నవాళ్ళు తిరిగి తెచ్చిచ్చారు. తేలికే, నిలుస్తుంది, పొగ కూడా తక్కువ. కానీ నోరు చిన్నది. పుల్లలు వేలెడేసి విరిచి వేస్తూనే ఉండాలి. ఇలా తిరిగి అలా చూసేలోగా ఆరిపోతుంది. వండేవాళ్ళు ఒకరు, దీన్ని మేపేవాళ్ళు ఒకరు. ఇద్దరుండాలి."

ఆవిడ ఎత్తి చూసింది. చెయ్యి ఒప్పుకుంది. నీళ్ళు పెట్టి తిప్పింది, కదల్లేదు. అప్పుడు ఒక చెక్కపుల్ల తీసుకుని విరవబోయింది. భుజం సహకరించలేదు. రెండోసారి మోకాలికి ఆనించి చూసింది. పుల్ల వంగింది గానీ విరగలేదు. మొహం చిన్నబోయింది. "పద, పోదాం" అంది నెమ్మదిగా.

నేను ఆ పుల్ల తీసుకుని విరిచాను. ఇంకొకటి విరిచాను. అక్కడే గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే వేస్తూ పోయాను. పైచిల్లుల్లోంచి మంట లోపలికి తిరిగి సుళ్ళు సుళ్ళుగా లేచింది. నీళ్ళు మరిగాయి. తలెత్తితే ఆవిడ మంటని చూడటం లేదు, నన్ను చూస్తోంది.

"ఏం బాబూ, పక్కన మనిషి కదలకూడదన్నావు కదూ?"

"అవునమ్మా. అదే దీని లోపం."

"తువ్వాలు పరుచుకుని పడుకుంటే?"

"ఆరిపోతుంది."

"అయితే ఇదే ఇచ్చెయ్యి నాయనా" అంది. నా వైపు తిరిగి "విన్నావా, లోపమట!" అని నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

పొయ్యి చల్లారనిచ్చి వీధిలోకి వచ్చాక నేను ఇంటివైపు తిరిగాను. ఆవిడ రెండో వైపు తిరిగింది.

"ఎక్కడికి?" అన్నాను.

"పొయ్యి ఎవరి చేతిలో ఉందో చూసి మాట్లాడు."

మూల మీద బండి దగ్గర బంగాళాదుంపలు, ఉప్పు, అగ్గిపెట్టె కొంది. గట్టు దాకా పొయ్యి నాకివ్వలేదు. అక్కడ రాళ్ళు సర్ది పొయ్యి పెట్టించింది. నేను ఎండుపుల్లలు ఏరుకొచ్చి మంట వేశాను. ఆవిడ దుంపలు కడుక్కొచ్చి, చూడకుండానే నా వైపు చెయ్యి చాపింది.

"గిన్నె."

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. కొట్టు నుంచి తిన్నగా వచ్చిన మాకు గిన్నె ఎక్కడిది? ఆవిడ భుజం పట్టుకుని నవ్వింది. "నొప్పి, నవ్వించకు" అంటూ మళ్ళీ నవ్వింది.

చిన్న దుంపలు ఏరి నిప్పుల్లోకే జారవిడిచాం. నేను పుల్లలు వేస్తుంటే ఆవిడ ఆగకుండా మాట్లాడింది. అవతలి ఒడ్డున నీళ్ళలోకి వంగిన కొమ్మ మీద ఒక నీలం పిట్ట వచ్చి వాలింది.

"అదిగో. ఎండ వాలే వేళకి తప్పకుండా వస్తుంది" అంది.

"నేనెప్పుడూ చూడలేదే."

"నిద్రలో పిట్టలు కనబడతాయా? ఇన్నేళ్ళూ అదే నాకు తోడు."

నేను ఇంకో పుల్ల విరిచాను. పిట్ట మీద చూపు నిలిపి దాన్ని వెయ్యడం మరిచాను. మంట పడిపోయింది.

"ఆర్పేశావు!"

వంగి ఊది మళ్ళీ లేపాను. దుంపలు పైన బొగ్గు, లోపల పచ్చి. ఆవిడ ఊదుకుంటూ, ఉప్పద్దుకుంటూ అన్నీ తింది. ఇన్ని నెలల్లో అంత తినడం నేను చూడలేదు. పొయ్యి చల్లారేదాకా కూర్చున్నాం. చల్లారాక బూడిద దులిపి, ఆ చేత్తోనే తీసుకుని లేచింది.

"వచ్చే వారం గిన్నె మరిచిపోయావో, పచ్చిదుంపలే పెడతాను" అని ముందు నడిచింది. నేను వెనక నడిచాను.