కోయని రేజర్

రంపం బాబాయి రేజర్ మెడ విరిగింది. అదీ ఎడమ చెంప గీసుకోవడం పూర్తయి, కుడి చెంప మీద నురగ ఆరిపోతుండగా. తల ఊడి బేసిన్‌లో పడింది, పిడి చేతిలో మిగిలింది. ఆయన తిట్టలేదు, నిట్టూర్చలేదు. విరిగిన ముక్కల్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుతురులో చూశాడు. లోపలంతా బూడిద రంగు, గరుకు గరుకు పలుకులు, పిడి బిగించే మర మొదట్లో ఆవగింజంత బొరియ.

"జింకు పోత. పైన క్రోమ్ పూత," అన్నాడు భార్యతో. "మెరుపు చూసి మోసపోయాను."

"ముందు ఆ రెండో చెంప సంగతి చూసుకోండి," అందామె.

చూసుకోవడానికి ఇంట్లో ఇంకో రేజర్ లేదు. సగం గడ్డంతోనే పనిలోకి వెళ్లాడు. కార్ఖానాలో ఎవరూ ఏమీ అడగలేదు. అదీ ఏదో పరీక్షే కాబోలనుకున్నారు.

అనుకోరూ మరి! కుళాయిలు, వాల్వులు పోతపోసే ఆ కార్ఖానాలో ఆయనది పరీక్షగది. గంపలో సరుకు వస్తుంది. అందులోంచి ఒకటి తీసి, బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, రంపంతో నిలువునా కోస్తాడు. కోసిన ముఖాన్ని నున్నగా అరగదీసి భూతద్దం పెట్టి చూస్తాడు. లోపల బొరియలు లేకపోతే గంప మొత్తానికి సంతకం పెడతాడు. కోసినది చెత్తబుట్టలోకి పోతుంది. అందరూ నోటితో కోతలు కోస్తారు, ఈయన చేత్తో కోస్తాడని అక్కడ ఒక పాత జోకు ఉంది. దానికి ఆయన ఇంతవరకు నవ్వలేదు.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కొత్త తాళంకప్ప కొంటే ముందు కోసేవాడు, తర్వాత ఇంకోటి కొనేవాడు. కూతురు చిన్నప్పుడు ఒక బొమ్మ గంట తెచ్చి, "లోపల మోగేది ఏంటి నాన్నా?" అని అడిగింది. కోసి చూపించాడు. ఆ తర్వాత అది మోగలేదు. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే, "ఇప్పుడు తెలిసింది కదమ్మా," అని ఓదార్చాడు. నిజంగా ఓదార్చాననే అనుకున్నాడు పాపం.

ఈసారి కొంటే బతికినన్నాళ్లూ వచ్చే రేజరే కొనాలని పట్టుపట్టాడు. సాయంత్రం కొట్టుకెళ్లి, ఉన్నవన్నీ బల్ల మీద పెట్టించాడు. అల్యూమినియంవి చేతిలోకి తీసుకోగానే పక్కన పెట్టేశాడు. అది తేలిక, దాని మర తొందరగా అరిగిపోతుందన్నాడు. మిగతావాటికి జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించాడు. దేనికీ అంటుకోలేదు. ఇత్తడికీ అంటుకోదు, జింకుకూ అంటుకోదు, కాబట్టి తెలిసింది ఏమీ లేదు. ఒక్కొక్కదాన్నీ బల్ల మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కొట్టువాడి తలప్రాణం తోకకొచ్చింది.

"ఇది అసలు సిసలు ఇత్తడండీ! పైన క్రోమ్ పూత. మీ మనవడు కూడా దీంతోనే గీసుకుంటాడు."

"మనవడి సంగతి తర్వాత. లోపల ఇత్తడేనని నీకెలా తెలుసు?"

"పెట్టె మీద రాశారు కదండీ."

"పెట్టెను కోశావా?"

కొట్టువాడు రేజర్లన్నీ లోపల పెట్టేశాడు.

"నీళ్లలో ముంచి తూకం వేస్తే లోహమేదో తెలిసిపోతుందని మీరే అంటారుగా?" అంది భార్య ఇంటికొచ్చాక.

"మొత్తం మీద ఏమిటో తెలుస్తుంది. బొరియ ఎక్కడుందో తెలియదు," అన్నాడు. గడ్డం పెరుగుతూ పోయింది.

అసలు ఆయన్ని తినేస్తున్నది రేజర్ కాదు. కూతురు లిఫ్టులు బాగుచేసే ఒక కుర్రాణ్ని ఇష్టపడింది. అతను అప్పుడప్పుడూ ఇంటికి వచ్చాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు, తాగిన గ్లాసు తనే తీసుకెళ్లి లోపల పెట్టాడు. ఎంత వెతికినా వంక దొరకలేదు. వంక దొరకలేదంటే వంక లేదని కాదు, లోపల ఇంకా చూడలేదనే ఆయన లెక్క. కూతురంటే ఆయనకు ప్రాణం. మెరుపు చూసి ఒప్పుకుంటే, రేపెప్పుడో ఆ పిల్ల బతుకు ఆ రేజర్ మెడలా పుటుక్కుమంటుందేమోనని భయం. భయమని చెప్పుకోలేక, "చూద్దాం," అంటూ నీళ్లు నములుతున్నాడు.

చివరికి కూతురే తేల్చేసింది. "ఆదివారం వస్తాడు నాన్నా. అవునో కాదో అప్పుడు చెప్పెయ్యి. నువ్వు కాదంటే నేనతన్ని ఇంక రమ్మనను. కానీ చూద్దామని మాత్రం అనకు."

చెప్పి, సంచిలోంచి చిన్న పెట్టె తీసి చేతిలో పెట్టింది. "నీ రేజర్ విరిగిందని చెప్తే పంపాడు. ఇత్తడట."

బరువుగా ఉంది. గచ్చు మీద తట్టి చూస్తే ఖంగుమంది. మర సాఫీగా తిరిగింది. ఆయన దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, గడ్డం గీసుకోకుండానే జేబులో వేసుకున్నాడు. మర్నాడు కార్ఖానాకు తీసుకెళ్లి వైసులో బిగించాడు.

లోపల ఇత్తడే. తల నుంచి పిడి చివరిదాకా పసుపు పచ్చగా, ఎక్కడా సూది మోపేంత సందు లేదు. అంత మంచి పోత ఆయన తన కార్ఖానాలో కూడా చూడలేదు. "భేష్!" అన్నాడు పైకే. ఆ మాట అన్నాకగానీ చేతిలో రెండు ముక్కలున్నాయన్న సంగతి బుర్రకెక్కలేదు.

ఆదివారం పొద్దున భార్య కాఫీ ఇస్తూ, "అతనొచ్చే వేళయింది, ఆ గడ్డమేంటి?" అంది. ఆయన రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాడు. కోసిన ముఖాలు అద్దాల్లా మెరుస్తున్నాయి.

కూతురు వచ్చి చూసింది.

"లోపల చాలా బాగుందమ్మా," అన్నాడు ఆయన.

"గంట కూడా లోపల బాగానే ఉంది నాన్నా."

భార్య ఊరుకోలేదు. "ఇన్నేళ్లుగా చూస్తున్నా మీ ఉద్యోగం. కోసినదాన్ని చెత్తబుట్టలో వేస్తారు. కోయనివాటికి సంతకం పెడతారు. ఊరంతా వాడుకునేది ఆ కోయనివే కదండీ! వాటి లోపల మీరెప్పుడు చూశారు?"

ఆయన ఆ రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి చూశాడు.

కూతురు లోపలికెళ్లి ఇంకో పెట్టె తెచ్చింది. అలాంటి రేజరే. "నువ్వు కోస్తావని నాకు తెలుసు. అందుకే అతను కొన్న కొట్లోనే నేనొకటి కొనిపెట్టాను. ఇదీ కోస్తానంటే కోసుకో నాన్నా. రేజర్లంటే రెండు దొరికాయి. అతను ఒక్కడే ఉన్నాడు."

కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన కొత్త రేజర్ పట్టుకుని స్నానాలగదిలోకి నడిచాడు. తలుపు వెనక మేకుకు ఇంటి రంపం వేలాడుతోంది. దాన్ని చూశాడు, రేజర్ని చూశాడు, అద్దంలో ముఖాన్ని చూశాడు. ఇన్నేళ్లలో తను సంతకం పెట్టిన కుళాయిలు ఎన్ని ఇళ్లలో తిరుగుతున్నాయో తలుచుకున్నాడు. నమ్మకం తప్ప వాటికి ఇంకేమీ పూచీ లేదు. బ్లేడు పెట్టి మర బిగించాడు. చెంపకు నురగ రాసుకున్నాడు. ముందు చెయ్యి ఆగింది, తర్వాత కదిలింది.

నున్నటి ముఖంతో బయటికొచ్చేసరికి కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. బల్ల మీది సగం రేజర్ని చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు.

"ఇది నేను పంపిందే కదా సార్?"

"అదే."

"లోపల బాగుందా?"

"చాలా బాగుంది."

కుర్రాడు తలెత్తి ఆయన నున్నటి చెంపల్ని చూశాడు. "మరి గడ్డం దేంతో గీసుకున్నారు?"

"ఇంకోటుంది."

"అది లోపల ఎలా ఉంది సార్?"

"తెలియదు," అన్నాడు రంపం బాబాయి. "కోయలేదు." కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు. "ఇకనుంచి సార్ అనకు. మావయ్యా అను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.