ఈశాన్యం మూల

సిద్ధిరాములు గిన్నెల దుకాణానిది తూర్పు ముఖం. ఆ ఒక్క కారణంతోనే ఆయన దాన్ని కిరాయికి పట్టాడు. దుకాణం బాగా నడుస్తున్నదంటే అది నీ కష్టమే కదా అని ఎవరన్నా అంటే ఆయనకు నచ్చదు. వాకిలి మహిమ అంటాడు. సిద్దిపేట బజారులో ఆయనంత వాస్తు పిచ్చి ఉన్న మనిషి ఇంకొకడు ఉంటే ఉండొచ్చు గానీ, ఇద్దరుంటారని చెప్పలేం.

ఆయన కోడలు భరణి. పెళ్లయి వచ్చిన కొత్త నుంచీ, మామ కునుకు తీసే వేళ దుకాణంలో కూర్చునేది. కుక్కరు కొనడానికి వచ్చిన మనిషి చేత ఇడ్లీ పాత్ర కూడా మోయించి పంపేది. ఆ ఇంట్లో ఆమెకు అంత సంతోషం ఇంకెక్కడా దొరకలేదు. ఆ మాటే మొగుడు శ్రీవర్ధన్‌తో అంటే, "నాకైతే గా గిన్నెల సప్పుడు తప్పించుకునేతందుకే సదువుకున్నట్టయింది. నీకేం పిచ్చి?" అన్నాడు. ఆయన కాలేజీలో లెక్కలు చెప్తాడు.

ఆ సంతోషానికి గండి పడింది గల్లా బల్ల మూల వల్ల. భరణి కూతురు రుచిత, మూడేళ్ల పిల్ల, దుకాణంలోకి ఉరికొస్తూ బల్ల మూలకు కొట్టుకుంది. కనుబొమ్మ పగిలింది. కాస్త కిందికైతే కన్నే పోయేది. దవాఖానలో కుట్లు వేయించుకుని ఇంటికి రాగానే అత్త భారతమ్మ తీర్పు చెప్పేసింది.

"పిల్ల మళ్ల దుకాణం మొకం సూడద్దు. పిల్లని ఇడిసిపెట్టి నువ్వు గూడ పోవద్దు."

ఎండలు పోయి వానలు పడ్డా ఆ తీర్పు మారలేదు. దెబ్బ తగలని బల్ల వస్తే తప్ప భరణి ఇక దుకాణం గడప తొక్కేది లేదు. బల్లలు చేసే వడ్లాయనకు కబురు పెడితే రేపు వస్తానన్నాడు. ఆయన రేపుకు అంతు లేదని తేలాక, మిద్దె మీద గోడకు ఆనించి ఉన్న పాత టేకు తలుపును భరణి అక్కడే పడుకోబెట్టింది. పాత బల్ల కొలతకు దాన్ని కోసి, చిత్రిక పట్టి పలక చేసింది. ఫోన్లో చూసి నేర్చుకున్నది కొంత, చెయ్యి కోసుకుని నేర్చుకున్నది కొంత.

పలక కుదిరింది గానీ, మూలల దగ్గరికొచ్చేసరికి పని మొండికేసింది. గుండ్రంగా కొయ్యాలంటే ముందు గీత కావాలి. గిన్నెల వ్యాపారం చేసే ఇంట్లో గుండ్రటి వస్తువుకు కరువా? టీ గ్లాసు బోర్లించి గీస్తే మూల ఇంకా పొడిచేలాగే ఉంది. పళ్లెం బోర్లిస్తే బల్లంతా దానికే సరిపోయేలా ఉంది. చివరికి పెరుగు గిన్నె కుదిరింది. దాని అంచును పలక రెండు అంచులకూ ఆనించి పెన్సిలుతో గీసింది. రంపమేమో వంపు తిరగదు, దానికి తిన్నగా పోవడమే తెలుసు. అందుకని గీతకు బయట మూలను ఏటవాలుగా తెగ్గోసి, అక్కడ మిగిలిన చిన్న మొనల్ని మళ్లీ కోసి, ఆపైన ఆకురాయి పట్టింది. మొదటి మూలకు ఆకురాయిని బయటికి గుంజితే అంచు దగ్గర పెచ్చు లేచిపోయింది. "నీ పాడుగాను!" అని తనను తానే తిట్టుకుంది. రెండో మూల నుంచి లోపలికే నెట్టింది. చివర గరుకు కాగితాన్ని పేలికలా చించి, బూట్లు తుడిచినట్టు అటూ ఇటూ లాగింది. కళ్లు మూసుకుని బొటనవేలు నడిపిస్తే అది ఎక్కడా ఆగకూడదు. ఆగలేదు.

నాలుగో మూలకు గిన్నె బోర్లిస్తుండగా సిద్ధిరాములు మిద్దె ఎక్కి వచ్చాడు.

"గా మూల కొయ్యకు బిడ్డా."

"ఎందుకు మామా?"

"గది ఈశాన్యం."

"బల్లకు ఈశాన్యమేంది మామా? తిప్పి పెడితే గిదే నైరుతి అయితది."

"తిప్పుతమా? తిప్పం గదా. దుకాణంల గల్లా బల్లే లక్ష్మి. దానికి ఈశాన్యం తెగొద్దు. మా తమ్ముడు రాజమల్లయ్య ఏమైండు? ఈశాన్యం తెగిన జాగల దుకాణం పెట్టి మునిగిండు."

"చిన్న మామ పొద్దెక్కినంక లేస్తుండె. గిరాకీ అప్పటిదాక నిలవడి ఉంటదా?"

"ఎందుకు లేస్తలేకుండె? గా ఈశాన్యం వల్లనే!"

భరణికి ఒళ్లు మండిపోయింది. వాకిట్లోంచి లోపలికి వచ్చేవాళ్లందరూ రాసుకుంటూ పోయేది ఆ మూలనే. పిల్లకు తగిలింది కూడా పాత బల్లకు ఆ వైపున్న మూలే. ఆ సంగతి చెప్తే ఆయన తల దించుకున్నాడు గానీ మాట మార్చలేదు. "గా మూల నేను సూసుకుంట, నాది పూచీ" అన్నాడు. ఆ పూచీ విని భారతమ్మ కూడా ఒప్పుకుంది. పలకను పాత బల్ల కాళ్ల మీద బిగించాక, మూడు మూలలు గుండ్రంగా, ఒకటి కత్తిలా, బల్ల దుకాణానికి చేరింది. దాని వెనకే భరణి, రుచిత చేరారు.

మొదటి రోజే తెలిసొచ్చింది ఆయనకు, పూచీ పడటం ఎంత పనో. పిల్ల నడవదు, ఉరుకుతుంది. ఉరికినప్పుడల్లా ఆయన గల్లా దగ్గర్నుంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, మూల మీద అరచెయ్యి వేయాలి. సాయంత్రానికి మోకాళ్లు పట్టేశాయి. మర్నాడు స్టూలు తెచ్చుకుని మూల దగ్గరే కూర్చున్నాడు, మూలను గుప్పిట్లో పట్టుకుని.

ఇక గల్లా మీద ఎవరు కూర్చోవాలి? భరణి కూర్చుంది.

చిన్నకోడూరు నుంచి లింగవ్వ అనే ఆమె ఇంట్లో పెళ్లి వంటకు గంజులు కొనడానికి వస్తే, ఆయన స్టూలు మీద నుంచే అరిచాడు. "గది కాదు, గా పైది తియ్యి! మూత సూపెట్టు!" లేచి తీయబోతే పిల్ల ఉరుకుతోంది. మళ్లీ కూలబడ్డాడు. భరణి పైది తీయలేదు. తనకు తోచినవి తీసి, లింగవ్వ అడగని గరిటెలు కూడా కట్టి పంపింది. కొన్నాళ్లకు ఆయన అరుపులు తగ్గాయి. వచ్చేవాళ్లు ముందు భరణి మొఖమే చూడటం మొదలుపెట్టారు. మామ చెయ్యి అక్కడ ఇరుక్కున్నంత కాలం తన జాగకు ఢోకా లేదని ఆమెకు అర్థమైంది. ఆ మూల మీద కోపం కూడా పోయింది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది గానీ, అనుకోవడం మానలేదు.

ఒక మధ్యాహ్నం సిద్ధిరాములుకు స్టూలు మీదే కునుకు పట్టింది. చెయ్యి జారింది. రుచిత వీధిలోంచి ఉరికొచ్చింది. భరణి "అయ్యో!" అని లేచేసరికి పిల్ల నెత్తి మూల పక్క నుంచి వెంట్రుకవాసిలో దాటిపోయి, తాత ఒళ్లో పడింది. ఆయన ఉలిక్కిపడి మేలుకున్నాడు. ఏం జరిగిందో భరణి మొఖం చూసి తెలుసుకున్నాడు. పిల్ల నెత్తి తడిమి చూశాడు.

"కోసెయ్యి బిడ్డా" అన్నాడు. "పోతే దుకాణం పోతది. ఇంకేం పోతది?"

ఆయన నమ్మకం ఏమీ మారలేదు. మూల తెగితే దుకాణం మునుగుతుందనే నమ్ముతూ ఆ మాట అన్నాడు. అది భరణికి తెలుసు. కానీ ఆమెకు ఇంకో భయం వేసింది. మామ చెయ్యి ఖాళీ అయితే ఆయన పోయేది గల్లా మీదికే. రేపటి నుంచి తను మళ్లీ కునుకు వేళ మనిషే. అయినా పెరుగు గిన్నె తెప్పించింది. పలకను బల్ల నుంచి విప్పకుండా, దుకాణంలోనే, గిరాకీ చూస్తుండగానే కోసింది. నాలుగింటిలోనూ అదే బాగా కుదిరింది.

మర్నాడు పొద్దున ఆమె గల్లా దగ్గర కూర్చోలేదు. పక్కన నిలబడి ఊరికే గ్లాసులు తుడుస్తూ ఉంది. సిద్ధిరాములు వచ్చి దేవుడి పటానికి దండం పెట్టుకున్నాడు. గల్లా వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. స్టూలు గుంజుకుని, ఆ గుండ్రటి మూల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"సేటూ, గీ బకెట్ ఎంతకిస్తవు?" అని ఎవరో అడిగారు.

"నన్నెందుకడుగుతవు? నా చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు ఆయన.