పళ్ళెంలో మూడు వరసలు

బాగ్దాదును తుర్కీ పాషాలు ఏలే రోజులవి. నదికి దగ్గరలో ఉన్న ఆ పేటవాళ్ళు తమ ఆడపిల్లల్ని ఖురాన్ చదవడం నేర్చుకోమని నజీబా దగ్గరికి పంపేవారు. చదవడం వరకే. రాత వస్తే పిల్ల పరాయి మగాడికి చీటీలు రాస్తుందని వాళ్ళ భయం.

నజీబా రాత కూడా నేర్పింది. పుస్తకాలకు నకళ్ళు రాసి బతికిన తండ్రి పోతూ పోతూ కూతురికి మిగిల్చిన ఆస్తి అదొక్కటే. పదహారో ఏట ఇంట్లోనే బడి పెట్టింది. పెద్దపిల్లల్ని వెనక గదిలో కూర్చోబెట్టి, రాగి పళ్ళెంలో గోధుమపిండి పరిచి, వేలితో అక్షరాలు దిద్దించేది. తల్లి హస్నా వాకిట్లో కాపలా కాసేది. ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా లోపలికి పరుగెత్తి, అరచేత్తో పిండిని చదును చేసి, "రొట్టెలకి జల్లించుకుంటున్నానమ్మా" అనేది. ఆరేళ్ళుగా అదే పని. అయినా ఆమెకు ఒక్క అక్షరం రాదు. "ఈ వయసులో నాకెందుకే, నీ పిల్లలకి చెప్పుకో" అని తప్పించుకునేది.

ఇరవై రెండో ఏట నజీబాకు క్షయ పట్టింది. చలికాలం వెళ్ళేసరికి, ఖురాన్ చదువుతుంటే పేటంతా చెవులు రిక్కించి విన్న ఆ గొంతు పూర్తిగా పోయింది. ఏం కావాలన్నా పిండిలో రాసేది. పెద్దపిల్లల్లో ఒకతె, బద్రియా, చదివి చెప్పేది.

"మంచినీళ్ళు కాదట పిన్నీ. చిన్నపిల్లలు నిన్నటి పాఠం తప్పు చదువుతున్నారట."

"చావబోతూ కూడా ఈ పిల్లకి..." అని హస్నా నాలుక కరుచుకుంది.

ఆ బుధవారం బద్రియా రాలేదు. వాళ్ళింట్లో బట్టలుతికే రోజు. నజీబా చెయ్యి చాపి పళ్ళెం అడిగింది. రొప్పుతూ, ఆగుతూ, మూడు వరసలు రాసి తల్లి ముఖంలోకి చూసింది.

"సాయంత్రం బద్రియా వచ్చి చదువుతుందిలే తల్లీ. అందాకా కదపను."

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. "ఏమే హస్నా, ఎక్కడున్నావ్? కోడి పులుసు తెచ్చాను!" అంటూ పక్కింటి జాసిం వాళ్ళమ్మ, వెనకాలే ఇద్దరు కోడళ్ళు.

హస్నా చెయ్యి తనంతట తానే కదిలింది. పిండి చదునయ్యాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. నజీబా కళ్ళు మూసుకుంది.

వాళ్ళు వెళ్ళగానే పళ్ళెం కూతురి ఒళ్ళో పెట్టి, వేలు పట్టుకుని బతిమాలింది. "ఇంకొక్కసారి రాయవే. ఒక్క వరసే. నా బంగారు కదూ!"

వేలు పిండికి ఆనింది గానీ కదల్లేదు. పొద్దు వాలేలోపు ప్రాణం పోయింది.

మర్నాడు పరామర్శకు వచ్చినవాళ్ళతో ఇల్లు నిండింది. హస్నా ఆ పళ్ళెం మీద గుడ్డ కప్పి, గోడవార తన పక్కనే పెట్టుకుంది. వంటకు నడుం కట్టిన జాసిం వాళ్ళమ్మ గుడ్డ ఎత్తి చూసింది.

"పిండి చాలక నేను ఇల్లిల్లూ తిరుగుతుంటే, ఇక్కడ పళ్ళెం నిండా పెట్టుకుని చెప్పవేం?"

వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే, వాకిట్లో ఏడుస్తున్న ఆ పిల్లల్ని ఇళ్ళల్లో బతకనివ్వరు. హస్నా పళ్ళెం ఆమె వైపు జరిపింది.

"ఎంత పద్ధతైన పిల్ల! రాతా గీతా అంటూ మన పిల్లల్ని పాడుచెయ్యలేదు" అని ముక్కు చీదుకుంటూ జాసిం వాళ్ళమ్మ పిండిలో నీళ్ళు పోసింది.

బద్రియా వచ్చి హస్నా పక్కన కూలబడింది. "పిన్నీ, పంతులమ్మ నిన్న ఏమైనా రాసిందా?" అని గుసగుసగా అడిగింది.

ఎవరో వేడి రొట్టె తెచ్చి హస్నా చేతిలో పెట్టారు. ఆమె దాన్ని తుంచలేదు. రెండు చేతులా ఒళ్ళో పట్టుకుంది.

"మూడు వరసలు" అంది. "ఆఖరిది చిన్నది."